కోపకబానాకి ఎటు నుంచి ఎక్కాలి?

ఫోన్‌లో మ్యాప్ తెరిచి టిటికాకా సరస్సు ఆగ్నేయ భాగాన్ని బాగా దగ్గరకి లాక్కుని చూడండి. కోపకబానా అనే చిన్న ఊరు ఒక ద్వీపకల్పం మీద ఉంటుంది. ఊరు బొలీవియాది. కానీ ఆ ద్వీపకల్పానికి నేల తగిలేది మాత్రం పెరూతోనే. బొలీవియా ప్రభుత్వం నడిచే లాపాజ్ నుంచి తమ సొంత ఊరికి రావాలంటే మధ్యలో నీళ్ళు దాటాలి, లేదా నేల మీదే వస్తామంటే పక్క దేశంలోకి వెళ్ళి, పాస్‌పోర్ట్ మీద ముద్ర వేయించుకుని, మళ్ళీ ఇటు తిరిగి రావాలి. కోపకబానాకి ఎలా వెళ్ళాలి అని నెట్‌లో వెతికిన ప్రతివాళ్ళూ పది దారులు చూసి తికమకపడేది ఈ ఒక్క మెలిక వల్లే.

ఇది బ్రెజిల్ బీచ్ కాదని ముందే చెప్పాలి, ఎందుకంటే నేను వెళ్తున్నానని చెప్పినప్పుడు ఇంట్లో అందరూ ఈత బట్టలు పెట్టుకున్నావా అనే అడిగారు. రియో బీచ్‌కి ఆ పేరు వచ్చింది ఈ ఊరి నుంచే. ఇక్కడి మేరీమాత విగ్రహాన్ని 1580లలో ఫ్రాన్సిస్కో టిటో యుపాంకీ అనే స్థానిక శిల్పి చెక్కాడు, ఆ తల్లి మహిమ ఖండమంతా పాకింది, రియోలో ఆమె పేరున ఒక చిన్న గుడి వెలిసింది, ఆ గుడి పేరు తీరానికి పట్టుకుంది. అసలు ఊరు మాత్రం 3,841 మీటర్ల ఎత్తున, చలిలో, నీలంగా మెరిసే నీళ్ళ పక్కన ఉంది.

ఆ 3,841 అనే అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగండి. హైదరాబాద్ 500 మీటర్లకి కాస్త పైన ఉంటుంది, తిరుమల కొండ వెయ్యి మీటర్లు కూడా ఉండదు, మన తూర్పు కనుమల్లో ఎత్తైన శిఖరం కూడా 1,700 దాటదు. మనవాళ్ళు బైకుల మీద వెళ్ళి ఊపిరి ఆడలేదని చెప్పుకునే లేహ్ సుమారు 3,500. కోపకబానా దానికంటే పైన ఉంది. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉండేదాంట్లో 63 శాతం ఉంటుందేమో, అంతే. కాబట్టి ఏ దారి త్వరగా చేరుస్తుంది, ఏ దారి చవక అని అడిగేముందు, ఏ దారి మన ఒంటిని మెల్లగా పైకి తీసుకెళ్తుంది అని అడగాలి. నా ఉద్దేశంలో ఈ ప్రయాణంలో అన్ని నిర్ణయాలూ దాని తర్వాతే.

ఇది నేను చదివి చెప్తున్నది కాదు. మా అక్కా బావా డాలస్ నుంచి, నేను హైదరాబాద్ నుంచి బయలుదేరి కోపకబానాలో కలుసుకుందాం అనుకున్నాం. వాళ్ళకి సెలవులు తక్కువ, అందుకని బొగోటా మీదుగా నేరుగా లాపాజ్ పైనున్న ఎల్ ఆల్టో విమానాశ్రయంలో తెల్లవారుజామున దిగి, అక్కడి నుంచి కారు మాట్లాడుకుని అదే రోజు వచ్చేశారు. నేను పెరూ రాజధాని లీమాలో దిగి, ఆ దేశంలోనే ఉన్న అరెకిపాలో మూడు రాత్రులు, పూనోలో రెండు రాత్రులు ఉండి బస్సుల్లో వచ్చాను. ఊరి మెయిన్ రోడ్డు మీద ఉన్న హోటల్ రిసెప్షన్‌లో అక్క కూర్చుని ఉంది, మఫ్లర్ కళ్ళదాకా లాక్కుని. బావ మేడ మీద గదిలో పడుకుని ఉన్నాడు, లేవలేనంటున్నాడట. "ఒరేయ్, తల మీద ఎవరో రోలు పెట్టినట్టుందిరా, నువ్వేంటి మెట్లు ఎక్కి వచ్చేస్తున్నావు?" అంది. నేను వాళ్ళకంటే గట్టివాణ్ణేం కాదు, బావ వారానికి మూడు రోజులు పరిగెత్తే మనిషి. నేను ఐదు రోజులు ముందు నుంచి ఎక్కుతూ వచ్చాను, వాళ్ళు ఒక్క రాత్రిలో ఎక్కారు, తేడా అదొక్కటే. హోటల్ వాళ్ళు ఆక్సిజన్ సిలిండర్ తెచ్చి పెట్టారు, ఒకటిన్నర రోజు గదిలోనే గడిచిపోయింది. నాలుగు రోజుల ట్రిప్పులో ఒకటిన్నర రోజు.

ఎల్ ఆల్టో విమానాశ్రయం 4,061 మీటర్ల ఎత్తున ఉంది, ప్రపంచంలోనే ఎత్తైన అంతర్జాతీయ విమానాశ్రయాల్లో ఒకటి. తలుపు తీయగానే ఒంటికి తెలిసిపోతుంది. దిగిన తర్వాత లాపాజ్ లోయలోకి వెళ్తే 3,600 చిల్లర, అంటే కొద్దిగా నయం, కానీ చదునైన ఊరి నుంచి వచ్చినవాళ్ళకి అదీ ఎక్కువే. ఎత్తు ప్రదేశాలకి వెళ్ళేవాళ్ళకి డాక్టర్లు చెప్పే లెక్క ఇది: కింద నుంచి బయలుదేరిన రోజు రాత్రి 2,750 మీటర్లకి మించిన చోట పడుకోవద్దు, ఆ పైన రోజుకి 500 మీటర్లకి మించి పడక ఎత్తు పెంచొద్దు. పగలు ఎంత పైకి వెళ్ళొచ్చినా పర్వాలేదు, రాత్రి ఎక్కడ పడుకున్నామన్నదే ముఖ్యం. ఆ లెక్కతో చూస్తే లాపాజ్‌లో నేరుగా దిగడం ఒకేసారి మూడు మెట్లు దూకడం.

అయినా చాలామంది ఆ దారినే వెళ్తారు, కొందరికి వేరే దారి ఉండదు కూడా. అలాంటప్పుడు కనీసం లాపాజ్‌లో రెండు రాత్రులు ఉండండి. మొదటి రోజు నగరమంతా కేబుల్ కారుల్లో తిరగండి, నడక అవసరం లేకుండా ఊరంతా చూడొచ్చు. 2014లో మొదలైన ఈ కేబుల్ కారులు వాళ్ళకి మనకి మెట్రో ఎలాగో అలాగ. ఎర్ర లైన్‌లో సెమెంతేరియో, అంటే శ్మశానం అనే స్టేషన్ ఉంటుంది, కోపకబానాకి మామూలు జనం ఎక్కే బస్సులూ వ్యాన్లూ బయలుదేరేది ఆ చుట్టుపక్కలే. టూరిస్టు బస్సులు పెద్ద బస్టాండు నుంచి వెళ్తాయి. దూరం దాదాపు 155 కిలోమీటర్లు, టైం మూడున్నర నుంచి నాలుగు గంటలు. ఎల్ ఆల్టో జనసందోహం దాటి, పీఠభూమి మీద తిన్నగా సాగి, వారీనా, వాతహాతా ఊళ్ళ పక్కగా సరస్సు ఒడ్డుకి చేరి, తికీనా అనే ఇరుకు జలసంధి దగ్గర ఆగుతుంది. ఆ నీళ్ళు దాటడం గురించి చివర్లో చెప్తాను, ఎందుకంటే ఆ దారి ఎక్కడానికి కంటే దిగడానికి మంచిదని నా నమ్మకం.

విమానం కోపకబానాకే లేదా అని కొందరు అడుగుతారు. ఊరి పక్కన చిన్న రన్‌వే ఉంది, కానీ దాన్ని నమ్ముకుని ప్లాన్ వేసుకోవద్దు.

ఇక పెరూ వైపు. ఇక్కడ అసలు గమ్యం ముందు పూనో, అదీ సరస్సు ఒడ్డున ఉన్న ఊరే, 3,827 మీటర్లు, కోపకబానా కంటే చాలా పెద్దది. పూనో దాకా వస్తే మిగిలింది మూడు నాలుగు గంటల రోడ్డు. పూనోలో విమానాశ్రయం లేదు, 45 కిలోమీటర్ల అవతల హులియాకాలో ఉంది (ఇంగ్లీషులో 'జె'తో మొదలవుతుంది, మ్యాప్‌లో అలాగే వెతకండి, నోటితో మాత్రం జులియాకా అనకండి, అక్కడ ఎవరికీ అర్థం కాదు). లీమా నుంచి గంటన్నర పైచిలుకు విమానం, దిగాక షేర్ వ్యాన్‌లో గంట. కాగితం మీద ఇదే అన్నిటికంటే సులువైన దారి. లీమా సముద్రం ఒడ్డున ఉంది, హులియాకా విమానాశ్రయం 3,826 మీటర్లు, కాబట్టి ఎల్ ఆల్టో కథే కాస్త తక్కువ మోతాదులో మళ్ళీ జరుగుతుంది. ఇప్పటికే కుస్కోలో వారం ఉండి, మధ్యలో లీమా వెళ్ళి ఒకటి రెండు రోజుల్లో తిరిగొస్తున్నవాళ్ళకి ఇది బాగుంటుంది. తాజాగా ఇండియా నుంచి దిగి, పదిన్నర గంటల టైం తేడాతో నిద్ర లేకుండా ఉన్నవాళ్ళు మాత్రం ఇటు రాకండి, దయచేసి.

ఎక్కువమంది వచ్చేది కుస్కో నుంచి, మాచు పిచ్చు చూసి. ఇందులో ఒక మంచి సంగతి ఉంది, మాచు పిచ్చు ఎత్తైన చోటని అందరూ అనుకుంటారు కానీ అది 2,430 మీటర్లే, కుస్కో దానికంటే దాదాపు వెయ్యి మీటర్లు పైన 3,400 దగ్గర ఉంది. అందుకని కుస్కోలో దిగగానే అక్కడ ఉండకుండా కిందనున్న ఉరుబాంబా లోయకి, 2,800 ప్రాంతానికి వెళ్ళిపోయి, అక్కడ రెండు రాత్రులు, మాచు పిచ్చు, తర్వాత కుస్కో, తర్వాత పూనో అని పేర్చుకుంటే ఒంటికి మెట్లు సరిగ్గా పడతాయి. కుస్కో నుంచి పూనోకి దాదాపు 390 కిలోమీటర్లు. మామూలు బస్సు ఆరేడు గంటలు తీసుకుంటుంది. పగలు నడిచే టూరిస్టు బస్సులు ఆందవైలియాస్ చర్చి, రక్చీ దగ్గర ఇంకాల గుడి గోడలు, లా రాయా కనుమ, పుకారా మ్యూజియం దగ్గర ఆపుతూ రోజంతా నడుస్తాయి. రాత్రి బస్సులూ ఉన్నాయి, హోటల్ ఖర్చు కలిసొస్తుందని కుర్రాళ్ళు అవే ఎక్కుతారు. నేనైతే వద్దంటాను. ఆ రోడ్డు 4,300 మీటర్ల పైన కనుమ దాటుతుంది, చలికాలంలో అద్దాల లోపలి వైపు మంచు పట్టేంత చలి ఉంటుంది, పైగా తెల్లవారుజామున నాలుగింటికి పూనో బస్టాండులో దించేస్తే ఆ చలిలో గది దొరికేదాకా పడే అవస్థ అంతా ఇంతా కాదు. దారి అంతా చూడదగ్గదే, చీకట్లో వెళ్ళి దాన్ని పోగొట్టుకోవడం ఎందుకు.

రైలు సంగతి. కుస్కో–పూనో మధ్య రైలు ఉంది, పదిన్నర గంటలు పడుతుంది, రోజూ ఉండదు, వారంలో కొన్ని రోజులే. ఇది మన ప్యాసింజర్ రైలు లాంటిది అనుకుని ఆశపడొద్దు, పూర్తిగా టూరిస్టుల కోసం నడిచే ఖరీదైన రైలు, బస్సు టికెట్‌కి ఎన్నో రెట్లు. డబ్బు అడ్డు కాకపోతే మాత్రం వెనకున్న అద్దాల పెట్టెలో నిలబడి చూసే దృశ్యం మరిచిపోలేరు. ముఖ్యంగా హులియాకా దగ్గర: పట్టాల మధ్యలో సంత, స్క్రూలు, పుస్తకాలు, చెప్పులు పరిచి ఉంటాయి, రైలు కూత వినగానే తీసేవి తీసి, తీయక్కర్లేనివి పట్టాల మధ్యే వదిలేస్తారు, రైలు వాటి మీదుగా మెల్లగా వెళ్ళిపోగానే మళ్ళీ అక్కడే కూర్చుంటారు. 2017 నుంచి రాత్రుళ్ళు పడుకుని వెళ్ళే లగ్జరీ రైలు కూడా కుస్కో, పూనో, అరెకిపాల మధ్య నడుస్తోంది, అది ఇంకో స్థాయి ఖర్చు.

నేను గట్టిగా చెప్పేది అరెకిపా దారి. లీమా నుంచి అరెకిపాకి విమానం గంటన్నర, ఎత్తు 2,335 మీటర్లు, ఎండ బాగుంటుంది, తెల్లరాతి కట్టడాల అందమైన ఊరు, అక్కడ మూడు రోజులు ఉండటం శిక్షలా అనిపించదు. అక్కడి నుంచి పూనోకి బస్సులో దాదాపు ఆరు గంటలు. మధ్యలో 4,400 మీటర్లు దాటే మైదానాలు వస్తాయి, కిటికీలోంచి లామా జాతి అడవి జంతువులైన వికూన్యాలు మేస్తూ కనిపిస్తాయి, లగునియాస్ అనే సరస్సు వస్తుంది, ఆ కాసేపు తల కొంచెం బరువెక్కుతుంది, కానీ రాత్రికి మళ్ళీ 3,827కి దిగుతారు కాబట్టి ఒళ్ళు సర్దుకుంటుంది. లెక్క ప్రకారం 2,335 నుంచి ఒక్కరోజులో ఇక్కడికి రావడం కూడా పెద్ద మెట్టే, మధ్యలో చీవాయ్‌లో రెండు రాత్రులు, 3,600 ప్రాంతంలో, కోల్కా లోయ చూసుకుంటూ ఉంటే ఇంకా మంచిది. నేను ఉండలేదు, అందుకే పూనోలో మొదటి రాత్రి తలనొప్పి తప్పలేదు, రెండో రోజుకి తగ్గింది.

పెరూలో బస్సులు ఎక్కేవాళ్ళకి ఒక మాట, టికెట్ చేతిలో ఉన్నా బస్టాండులో చిన్న ఫీజు వేరే కట్టాలి, ఆ చీటీ లేకపోతే ఎక్కనివ్వరు. బస్సు కదిలే టైంకి కౌంటర్ వెతుక్కుంటూ పరుగెత్తితే ఆ ఎత్తులో నిజంగా కళ్ళు తిరుగుతాయి.

పూనో నుంచి కోపకబానాకి వచ్చే ముక్కలోనే ఎక్కువమంది మోసపోతారు, ఎవరో మోసం చేసి కాదు, అడగాల్సింది అడగక. పూనో–లాపాజ్ బస్సులు రెండు రకాలు. రెండూ చుకుయితో, ఇలావే, హూలీ ఊళ్ళ మీదుగా సరస్సు పక్కనే వస్తాయి, పొమాటా దగ్గర రోడ్డు చీలుతుంది. ఎడమకి వెళ్ళేది యుంగుయో, కసానీ సరిహద్దు మీదుగా కోపకబానాకి. తిన్నగా వెళ్ళేది దెసగ్వాదెరో సరిహద్దు మీదుగా, తివనాకు శిథిలాల పక్కగా, నేరుగా లాపాజ్‌కి. రెండో బస్సు ఎక్కితే కోపకబానా తగలనే తగలదు, నీళ్ళూ దాటక్కర్లేదు, లాపాజ్ వెళ్ళేవాళ్ళకి అదే త్వరగా అవుతుంది. కౌంటర్‌లో "లాపాజ్, మధ్యలో కోపకబానాలో దిగుతాం" అంటే తల ఊపేసి దెసగ్వాదెరో టికెట్ ఇచ్చినవాళ్ళూ ఉన్నారు, భాష తెలియక ఇద్దరూ సరే అనుకోవడం వల్ల. కాబట్టి ఊరి పేరు కాదు, సరిహద్దు పేరు అడగండి: కసానీ అవునా, దెసగ్వాదెరోనా. ఆ ఒక్క మాట చాలు.

డైరెక్ట్ బస్సు దొరక్కపోతే ముక్కలు ముక్కలుగా కూడా రావచ్చు, చవకగా. పూనోలో చుట్టుపక్కల ఊళ్ళకి వెళ్ళే బస్టాండు వేరే ఉంది, అక్కడ యుంగుయో వ్యాన్లు నిండగానే కదులుతాయి, అచ్చం మన షేర్ ఆటోల్లాగే. యుంగుయో నుంచి కసానీకి చిన్న ఆటో, అక్కడి నుంచి నడక. పెరూ ఆఫీసులో బయటికి వెళ్ళే ముద్ర వేయించుకుని, సామాను లాక్కుంటూ చిన్న ఎగువ ఎక్కి, రాతి కమాను కింద నుంచి దాటితే అవతల బొలీవియా ఆఫీసు. కొన్ని వందల మీటర్లే కానీ చక్రాల సూట్‌కేసుని ఆ ఎత్తులో ఎగువకి లాగడం అలవాటు లేనివాళ్ళకి గుండె దడదడలాడుతుంది, మెల్లగా వెళ్ళండి, బస్సు ఆగుతుంది. కమాను దాటగానే గడియారం గంట ముందుకి జరుగుతుంది. పెరూలో మూడింటికి దాటితే అవతల నాలుగు అవుతుంది. సాయంత్రానికి సరిహద్దు మూసేస్తారు కాబట్టి మధ్యాహ్నం బస్సుల్లో వచ్చేవాళ్ళు ఈ గంట లెక్కలో వేసుకోవాలి, నేను ఉదయం బస్సే మంచిదంటాను. కసానీ నుంచి కోపకబానా ఎనిమిది కిలోమీటర్లు.

ఇంత నీళ్ళుండగా పూనో నుంచి పడవ మీదే రాకూడదా అని నాకూ అనిపించింది. ఒకప్పుడు ఈ సరస్సు మీద నిజంగానే ఓడలు రెండు దేశాల రైళ్ళని కలిపేవి. వాటిలో మొదటి తరం ఓడ యవారీ కథ వింటే ఒళ్ళు జలదరిస్తుంది. 1862లో ఇంగ్లండ్‌లో తయారైంది, ముక్కలుగా విప్పి ఓడలో అరికా రేవుకి తెచ్చారు, అక్కడి నుంచి ఆండీస్ పైకి కంచరగాడిదల మీద, మనుషుల వీపుల మీద మోసుకొచ్చారు. వేల ముక్కలు. దాన్ని మళ్ళీ బిగించి నీళ్ళలోకి దింపింది 1870 క్రిస్మస్ రోజున. పైన బొగ్గు దొరక్క ఎండబెట్టిన లామా పేడతో బాయిలర్ మండించేవాళ్ళు. ఈ ఎత్తుకి ఏదైనా చేరడం ఎంత కష్టమో ఆ ఓడ ఒక్కటే చెప్తుంది. ఇప్పుడు పూనో–కోపకబానా మధ్య మామూలు ప్రయాణికులకి రోజువారీ పడవ లేదు, టూర్ కంపెనీల కెటామరాన్లు, హైడ్రోఫాయిల్ పడవలు మాత్రం ప్యాకేజీల్లో ఉంటాయి.

ఇవన్నీ రోడ్లు తెరిచి ఉన్నప్పటి సంగతులు. ఈ ప్రాంతంలో రాస్తారోకో అంటే మన దగ్గరిలా గంటో పూటో కాదు, రోజులు, ఒక్కోసారి వారాలు. 2022 డిసెంబర్ 7న పెరూ అధ్యక్షుడు పెద్రో కాస్తియో పదవి పోయాక దక్షిణ పెరూ అంతా రోడ్డెక్కింది. 2023 జనవరి 9న హులియాకా విమానాశ్రయం దగ్గర కాల్పుల్లో ఒక్కరోజే డజనుకి పైగా పౌరులు చనిపోయారు. పూనో ప్రాంతంలో రోడ్లు వారాల తరబడి మూసుకుపోయాయి, విమానాశ్రయం మూతపడింది, రైలు ఆగింది. బిడ్డల్ని పోగొట్టుకున్న ఊళ్ళవి, అక్కడ మన టికెట్ గురించి చిరాకు పడే హక్కు మనకి లేదని నేను అనుకుంటాను. బొలీవియా వైపు కూడా రోడ్ల మూత మామూలే, ఈమధ్య ఏళ్ళలో పెట్రోలు, డీజిలు కొరత తోడై బంకుల దగ్గర బారులు కనిపించాయి. బయలుదేరే రెండు రోజుల ముందు నుంచీ హోటల్ వాళ్ళకి మెసేజ్ పెట్టి "బ్లోకేయో ఉందా" అని అడగండి, అంటే రాస్తారోకో, ఆ మాట అందరికీ తెలుసు. తిరుగు విమానానికీ కోపకబానాకీ మధ్య కనీసం రెండు రోజులు ఖాళీ ఉంచండి.

మన పాస్‌పోర్ట్ సంగతికొస్తే, కనీసం ఆరు నెలల గడువున్న అమెరికా, కెనడా, యూకే, ఆస్ట్రేలియా లేదా షెంజెన్ వీసా ఉన్న భారతీయులకి 2017 నుంచి పెరూ వేరే వీసా అడగడం లేదు. బొలీవియాది విడిగా, బయలుదేరే ముందే వాళ్ళ కాన్సులేట్‌తో తేల్చుకోండి, సరిహద్దుకి వచ్చాక చూద్దాం అనుకోవద్దు, కసానీ చాలా చిన్న ఆఫీసు. అమెరికాలో హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి, పాస్‌పోర్ట్‌లో స్టాంపింగ్ గడువు అయిపోయి ఉంటే కెనడా, మెక్సికో వెళ్ళి నెలలోపు వచ్చేవాళ్ళకిచ్చే మినహాయింపు పెరూకి, బొలీవియాకి వర్తించదు, తిరిగి వెళ్ళడానికి కొత్త స్టాంపింగ్ కావాలి.

ఇండియాకి తిరిగొచ్చేవాళ్ళు ఎక్కువగా మరిచిపోయేది ఎల్లో ఫీవర్ టీకా. మీరు వెళ్ళేది దోమలు లేని చల్లటి కొండలకే అయినా, పెరూ, బొలీవియా రెండూ మన ప్రభుత్వం జాబితాలో ఉన్న దేశాలు. అక్కడి నుంచి బయలుదేరిన ఆరు రోజుల్లోపు సర్టిఫికెట్ లేకుండా ఇక్కడ దిగితే క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, కాబట్టి ఆఖరి వారంలో గుర్తొస్తే లాభం లేదు. హైదరాబాద్‌లో నారాయణగూడ ప్రివెంటివ్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు.

ఎత్తు జబ్బుని అక్కడ సొరోచే అంటారు. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం చాలామందికి ఉంటుంది, రెండు రోజుల్లో పోతుంది. డయామాక్స్ మాత్ర గురించి ఇంటి దగ్గరే డాక్టర్‌ని అడగండి, సల్ఫా మందులు పడనివాళ్ళు తప్పకుండా ఆ మాట చెప్పండి. కోకా ఆకుల టీ ప్రతి హోటల్లో ఇస్తారు, అక్కడ తాగొచ్చు, ఆ ఆకులు మాత్రం బ్యాగులో ఇంటికి తేవద్దు, ఇక్కడ నేరం. కూర్చున్నా ఆయాసం రావడం, నడకలో తూలడం, మాట తడబడటం కనిపిస్తే అది వేరే స్థాయి, కిందికి దించడమే మందు. కష్టమేంటంటే ఇక్కడ కింద అనేది దగ్గర్లో లేదు. ఈ పీఠభూమి వందల కిలోమీటర్లు ఇదే ఎత్తున పరుచుకుని ఉంది. పూనో నుంచి అయితే అరెకిపాకి ఆరు గంటలు, లేదా హులియాకా నుంచి లీమాకి విమానం. లాపాజ్ నుంచి అయితే యుంగాస్ లోయల్లోకి మూడు గంటల దిగుడు, లేదా 416 మీటర్ల మీదున్న సాంతా క్రూజ్‌కి విమానం. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్న పెద్దవాళ్ళని తీసుకెళ్ళేటప్పుడు ఈ నాలుగు పేర్లూ ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి.

అందుకే నేను చెప్పేది పెరూ వైపు నుంచి ఎక్కండి, బొలీవియా వైపు దిగండి. లీమా, అరెకిపా లేదా ఉరుబాంబా, పూనో, కోపకబానా, లాపాజ్, అక్కడి నుంచి సాంతా క్రూజ్ మీదుగా ఇంటికి. ఒక ఊళ్ళో దిగి ఇంకో ఊళ్ళో ఎక్కే విమాన టికెట్ కొంచెం ఎక్కువ పడొచ్చు, ఆ తేడా పెట్టదగ్గదే. బొలీవియా వీసా కుదరనివాళ్ళు పూనోతో ఆగిపోయినా లోటేం లేదు, సరస్సు అదే.

తేదీలు చూసుకోండి. ఫిబ్రవరి 2 చుట్టూ పూనోలోనూ కోపకబానాలోనూ క్యాండెలేరియా జాతర, ఆగస్టు 5, 6 తేదీల్లో కోపకబానాలో అమ్మవారి పండగ, బస్సుల్లో సీట్లుండవు, గదులుండవు. గుడ్ ఫ్రైడేకి లాపాజ్ నుంచి వేలమంది ఆ 155 కిలోమీటర్లూ నడిచి వస్తారు, చిన్నపిల్లల్ని వీపున కట్టుకుని కూడా, శివరాత్రికి శ్రీశైలం నడిచివెళ్ళే మనవాళ్ళని చూసినట్టే ఉంటుంది. మామూలు రోజుల్లో కూడా ఉదయం గుడి ముందు ఒక దృశ్యం చూడాలి. కొత్త కార్లు, వ్యాన్లు, లారీలు వరుసగా నిలబడతాయి, బానెట్ మీద పూలదండలు, రంగు కాగితాలు, ఫాదర్ వచ్చి ఇంజిన్ మీద, స్టీరింగ్ మీద పవిత్రజలం చల్లుతాడు, తర్వాత ఇంటివాళ్ళు టైర్ల మీద బీరు పోస్తారు, టపాకాయలు కాలుస్తారు. సగం బళ్ళకి పెరూ నంబర్ ప్లేట్లు. మా అక్క, అప్పటికి తలనొప్పి తగ్గి బయటికొచ్చింది, ఆ టైర్ల కింద నిమ్మకాయలు ఎక్కడున్నాయా అని నిజంగానే వంగి వెతికింది.

మూడో రోజు ముగ్గురం లాపాజ్ బస్సు ఎక్కాం. కొండల మీదుగా గంటలో సాన్ పెద్రో దె తికీనా. సముద్రతీరాన్ని 1879లో మొదలైన యుద్ధంలో చిలీకి పోగొట్టుకున్న బొలీవియా నౌకాదళం ఇప్పుడు ఈ సరస్సు మీదా, నదుల మీదా ఉంది, ఇక్కడ వాళ్ళ స్థావరం కనిపిస్తుంది. బస్సు ఆగగానే అందరూ దిగాలి. బస్సు ఒక దారి, మనం ఒక దారి. మనకి చిన్న మోటారు పడవ, దానికి విడిగా చిల్లర కట్టాలి, బొలీవియా డబ్బు బొలీవియానోల్లోనే, పెద్ద నోటు ఇస్తే గొణుగుతారు. పాస్‌పోర్టూ, డబ్బూ, మందులూ ఒంటి మీదే ఉంచుకోండి, పెద్ద సామాను బస్సులో ఉండొచ్చు. బస్సు కోసం బల్లకట్టు. మాదిపాడు దగ్గర కృష్ణ దాటినవాళ్ళకి ఆ మాట చెప్తే చాలు. పొడవాటి చెక్కల మీదికి బస్సు ఎక్కుతుంటే బల్లలు కిర్రుమంటాయి, ముందు చక్రాలు ఎక్కగానే ఇవతలి అంచు నీళ్ళలోకి వంగి, వెనక చక్రాలు కూడా ఎక్కాక మళ్ళీ సమానమవుతుంది. బల్లకట్టు మనిషి పొడవాటి గెడతో ఒడ్డుని తోసి, తర్వాత వెనకున్న చిన్న మోటారు లాగాడు. వంతెన కట్టాలన్న మాట ఏళ్ళుగా నడుస్తోంది, ఇక్కడి పడవలవాళ్ళు తమ కూడు పోతుందని అడ్డుపడుతూ వచ్చారు.

జలసంధి ఇరుకు చోట కిలోమీటరు కూడా ఉండదు, మన పడవ పది నిమిషాల్లో అవతల సాన్ పాబ్లోకి చేరిపోతుంది. బస్సుకి ఇంకా టైం పడుతుంది. ఒడ్డున వేయించిన చేపలు అమ్ముతారు. ఎక్కేముందే మన బస్సు రంగూ నంబరూ ఫోటో తీసి పెట్టుకోండి, ఎందుకంటే నాలుగైదు బల్లకట్లు ఒకేసారి వస్తుంటాయి, దూరం నుంచి అన్ని బస్సులూ ఒకేలా నీళ్ళ మీద నడిచి వస్తున్నట్టు కనిపిస్తాయి. బావ చేప ముక్క పట్టుకుని ఒడ్డున నిలబడి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, "అదుగో, మూడోది మనదే" అన్నాడు.